నాలుగో తరగతి పిల్లలు వాచకం చదువుతున్నారు, చదివింది మాత్రం అర్థం కావడం లేదు: ఏం చేయాలి?

గాజువాక టీచరు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను గాజువాక దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతికి పాఠాలు చెబుతున్నాను. మా పిల్లల తల్లిదండ్రుల్లో ఎక్కువ మంది ఆటోనగర్ షెడ్లలోనూ, ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టర్ల కిందా పనిచేసేవారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పని కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో ఒడియా మాట్లాడుకునే పిల్లలు కూడా కొందరు ఉన్నారు.

తరగతిలో సుమారు మూడో వంతు పిల్లల విషయంలో నాకు సలహా కావాలి. వీరు అక్షరాలు రాని పిల్లలు కారు. వాచకం ఇచ్చి చదవమంటే కొందరు కూడబలుక్కుంటూ, కొందరు గడగడా, మొత్తం మీద పేరా చివరి దాకా చదివేస్తారు. పుస్తకం మూయించి "ఇప్పుడు చదివిన దాంట్లో ఏం జరిగింది?" అని అడిగితే మాత్రం మౌనంగా నిలబడిపోతారు. పాఠం చివరనున్న ప్రశ్నలకు జవాబులు రాస్తారు గానీ, ప్రశ్నలోని మాటలు పాఠంలో ఏ వాక్యంలో ఉన్నాయో వెతికి, ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు నోటు పుస్తకంలోకి ఎక్కిస్తారు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఈ మధ్య నేనే ఒక చిన్న పేరా తయారుచేసి బోర్డు మీద రాశాను: "తుఫాను వస్తుందని రేడియోలో విని జాలర్లు వేటకు వెళ్లలేదు. పడవలను ఒడ్డుకు లాగి తాళ్లతో కట్టేశారు. ఆ వారమంతా పేటలో చాలా ఇళ్లలో పొయ్యి వెలగలేదు." పొయ్యి ఎందుకు వెలగలేదని అడిగితే కొందరు పడవల వాక్యాన్ని యథాతథంగా జవాబుగా రాశారు. ఒక పాప "అగ్గిపెట్టె తడిసిపోయింది" అని రాసింది. వేట లేకపోతే ఆదాయం ఉండదు, ఆదాయం లేకపోతే వంట సరుకులు రావు అన్న సంగతి ఒకరిద్దరికి తప్ప ఎవరికీ తట్టలేదు.

ఇంకా ఎక్కువ పేరాలు ఇచ్చి ఇంకా ఎక్కువ ప్రశ్నలకు జవాబులు రాయిస్తే క్రమంగా అదే వస్తుందని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. అలా రాయిస్తున్న కొద్దీ వాక్యాన్ని వెతికి పట్టుకునే నేర్పు పెరుగుతోందే తప్ప అర్థం చేసుకోవడం పెరుగుతున్నట్టు నాకు కనిపించడం లేదు. గణితంలోనూ ఇదే పరిస్థితి. అంకెలు ఇస్తే కూడిక, తీసివేత చక్కగా చేసే పిల్లలు అదే లెక్కను మాటల్లో ఇస్తే ఏం చేయాలో తెలియక కూర్చుంటారు. పైగా మావి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న ద్విభాషా పుస్తకాలు. ఏ పేజీ నుంచి మొదలుపెట్టాలో కూడా తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.


పెందుర్తి మాస్టారు

అమ్మా, నేను ఉద్యోగ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుణ్ని. మీరు "మూడో వంతు పిల్లలు" అని ఒక్క గుంపుగా చెప్పినా, "కొందరు కూడబలుక్కుంటూ, కొందరు గడగడా" అంటూ ఆ గుంపును మీరే రెండుగా విడదీశారు. ఈ రెండు రకాల పిల్లల ఇబ్బంది పైకి ఒకేలా కనిపిస్తుంది, కానీ దాని మూలాలు వేరు. అందువల్ల పని మొదలుపెట్టే ముందు ఎవరి చిక్కు ఎక్కడుందో తెలుసుకోవాలి.

దానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కరలేదు. పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, వాడు ఇంతకు ముందు చూడని ఒక పేరాను మీరే మామూలు మాటల వేగంతో చదివి వినిపించి, ఏం జరిగిందో చెప్పమనండి. తర్వాత అంతే కష్టమైన ఇంకో పేరాను వాడి చేతనే చదివించి అదే ప్రశ్న అడగండి. విన్నప్పుడు చక్కగా చెప్పి, చదివినప్పుడు చెప్పలేకపోతే చిక్కు అక్షరాల దగ్గర ఉంది. విన్నప్పుడు కూడా చెప్పలేకపోతే భాష దగ్గరో, విషయ పరిచయం దగ్గరో ఉంది. 1986లో గఫ్, టన్‌మర్ అనే పరిశోధకులు ఈ సంగతినే ఒక గుణకారంగా చెప్పారు. రాసిన దాన్ని మాటగా పలకగల శక్తిని, ఆ భాషను విని గ్రహించగల శక్తితో గుణిస్తే చదివి అర్థం చేసుకునే శక్తి వస్తుందని వారి ప్రతిపాదన. రెండింటిలో ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే కాబట్టి దీన్ని కూడికగా చెప్పలేదు.

ఇక కూడబలుక్కునే పిల్లల సంగతి. తెలుగు లిపిలో అచ్చులు, హల్లులు నేర్పితే పని పూర్తి కాదు. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు కలిసి కొన్ని వందల రూపాలవుతాయి. మన లిపికి దగ్గరి బంధువైన కన్నడ లిపిలో పిల్లలు అక్షరాలన్నిటినీ పట్టుకోవడానికి ప్రాథమిక తరగతుల్లో కొన్నేళ్లు పడుతుందని సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన చూపించింది. కాబట్టి నాలుగో తరగతిలో ఒక పిల్లవాడు "ఉత్సాహం", "కృతజ్ఞత", "స్వాతంత్ర్యం" వంటి మాటల దగ్గర ఆగిపోతున్నాడంటే వాడు మందబుద్ధి అని అర్థం కాదు. అయితే ఆ ఆగడంలోనే వాడి శక్తి అంతా ఖర్చయిపోయి, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతాడు.

అటువంటి పిల్లల చేత ఒకే చిన్న పేరాను కొద్ది రోజుల పాటు మళ్లీ మళ్లీ చదివించడం మంచి పద్ధతి. 1979లో శామ్యూల్స్ దీన్ని వివరంగా రాశారు. మొదట మీరు చదవాలి, తర్వాత మీతో కలిసి వాడు చదవాలి, ఆ తర్వాత తోటి పిల్లవాడికి వినిపించాలి. అరువు తెచ్చుకున్న గొంతుతో ఏకబిగిన సాగే చదువు పోయి, ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు ఎత్తాలో తెలిసిన చదువు వచ్చిందంటే అర్థం మొలకెత్తుతున్నట్టే లెక్క.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 2021 జూలైలో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి ముగిసేసరికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థవంతంగా చదవాలని లక్ష్యం పెట్టింది. అందులో "అర్థవంతంగా" అన్న షరతును వదిలేసి, గడియారం పట్టుకుని మాటలు మాత్రమే లెక్కపెట్టే అలవాటు చాలా చోట్ల చూశాను. "వెళ్లలేకపోయినందువల్ల" అన్నది తెలుగులో ఒకే మాట. ఇలాంటి మాటలున్న పేరాను, "ఇది ఆవు" తరహా పేరాను ఒకే గడియారంతో కొలవకూడదు.

అక్షరం, పదం, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ అనే నాలుగు మెట్లతో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి అసర్ అనే సర్వేలలో పిల్లల చదువును పరిశీలిస్తోంది. మీ తరగతికి కూడా ఆ నాలుగు మెట్లు చాలు. ఏ మెట్టు మీద ఉన్న పిల్లలను ఆ మెట్టు మీద రోజులో కాసేపు విడిగా కూర్చోబెట్టి, ముందు అక్షరాల చిక్కు విప్పేయండి. అర్థం సంగతి తర్వాత చూడవచ్చు.


భీమిలి అధ్యాపకురాలు

టీచర్ గారికి, మాస్టారికి నమస్కారాలు. నేను ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తుంటాను. వినిపించి చూడమన్న మాస్టారి మాట అక్షరాలా నిజం, అందరూ మొదట చేయవలసింది అదే. చివరి మాటతో మాత్రం నేను ఏకీభవించలేను. అక్షరాల చిక్కు విప్పే దాకా అర్థం సంగతి వాయిదా వేస్తే, ఆ పిల్లలు ఏడాది పొడవునా ఒకటో తరగతి పేరాల దగ్గరే ఉండిపోతారు. తోటివారు వింటున్న పెద్ద కథలు, కొత్త మాటలు, కొత్త ఆలోచనలు వారికి అందవు. కంటితో చదవలేని కథను చెవితో వినగలరు కదా. రెండు పనులూ ఒకే రోజున, వేర్వేరు వేళల్లో సాగాలి.

ఇప్పుడు అగ్గిపెట్టె పాప గురించి. ఆ జవాబును దయచేసి తప్పుగా కొట్టేయకండి. పడవల వాక్యాన్ని ఎక్కించిన పిల్లలు పేరాలో వెతికారు, ఆలోచించలేదు. ఈ పాప తుఫాను అంటే వాన అని, వాన అంటే తడి అని, తడిసిన అగ్గిపుల్ల వెలగదని మూడు మెట్లు తనంతట తానే ఎక్కింది. పేరాలో లేని విషయాన్ని తనకు తెలిసిన లోకం నుంచి తెచ్చి ఖాళీని పూరించింది. చదివి అర్థం చేసుకోవడం అంటే సరిగ్గా ఇదే పని. ఆమె చూడనిది ఒక్కటే, "ఆ వారమంతా", "చాలా ఇళ్లలో" అన్న మాటలు. అగ్గిపెట్టె తడిస్తే ఒక పూట, ఒక ఇల్లు. వారమంతా, అన్ని ఇళ్లలోనా? ఈ ప్రశ్న ఆ పాపనే అడిగితే తన జవాబును తానే దిద్దుకుంటుందని నా నమ్మకం. "ఎందుకలా అనుకున్నావమ్మా? ఏ మాట చూసి అనుకున్నావు?" అన్న రెండు ప్రశ్నలు తరగతిలో ప్రతి జవాబు తర్వాతా, సరైన జవాబు తర్వాత కూడా, వినిపించాలి.

ఎక్కువ ప్రశ్నలకు జవాబులు రాయిస్తే సరిపోతుందన్న వాదన ఎందుకు నిలవదో చూపడానికి మా శిక్షణలో ఒక వాక్యం రాస్తాను: "గిమ్మడు తొర్రలో బెకిలిని చపించాడు." గిమ్మడు ఎక్కడ చపించాడు? తొర్రలో. దేన్ని చపించాడు? బెకిలిని. రెండు జవాబులూ సరైనవే, రెండింటికీ పూర్తి మార్కులు వేయవలసిందే, కానీ చదివినవారికి ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. ఎవరు, ఎక్కడ, ఏమిటి అన్న ప్రశ్నలకు తెలుగు విభక్తులే జవాబులు అందించేస్తాయి. మీ పిల్లలు చేస్తున్నది అదే. వారిది సోమరితనం అనుకోకూడదు, మనం అడిగిన ప్రశ్నలు వారి నుంచి అంతకు మించి కోరలేదు.

నేను ఉపాధ్యాయులకు గట్టిగా సూచించే పని "రాయని వాక్యం" వెతకడం. మీ పేరానే తీసుకోండి. రెండో వాక్యానికీ మూడో వాక్యానికీ మధ్య రచయిత రాయకుండా వదిలేసిన వాక్యం ఒకటుంది. బోర్డు మీద ఆ రెండింటి మధ్య ఒక ఖాళీ గీత గీసి, అక్కడ ఏ వాక్యం ఉండాలో పిల్లలను చెప్పమనండి. వేట లేదు కాబట్టి చేపలు లేవు, చేపలు లేవు కాబట్టి డబ్బు లేదు అని నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. "కాబట్టి", "అందుకే", "అయినా", "లేకపోతే" అన్న మాటలను నాలుగు చీటీల మీద రాసి, ఖాళీలో ఏది ఇముడుతుందో చూడమంటే ఇంకా మంచిది. వాక్యాలను వేర్వేరు ముక్కలుగా చదివే పిల్లలకు వాటి మధ్య ఉన్న సంబంధం కళ్లకు కనిపించడం అప్పుడే మొదలవుతుంది.

దీనికన్నా కింది స్థాయిలో, ఒకే వాక్యం లోపల కూడా చిక్కులుంటాయి. పెద్దవాళ్లం వాటిని గమనించం. తెలుగు వాక్యంలో కర్తను తరచుగా చెప్పకుండా వదిలేస్తాం. "రాము రవిని సినిమాకు వస్తావా అని అడిగితే, రాలేనని చెప్పి వెళ్లిపోయాడు." వెళ్లిపోయింది ఎవరు? తడబడే పిల్లల్లో చాలామంది రాము అంటారు, ఎందుకంటే వాక్యంలో మొదట కనిపించిన పేరు అదే. అలాగే "అమ్మ తెచ్చిన పుస్తకం చదివిన చెల్లికి అన్న కలం ఇచ్చాడు" అన్న వాక్యంలో మూడు పనులు, ముగ్గురు మనుషులు ఉన్నారు. దీన్ని విడగొట్టి "అమ్మ పుస్తకం తెచ్చింది. ఆ పుస్తకాన్ని చెల్లి చదివింది. చెల్లికి అన్న కలం ఇచ్చాడు" అని మూడుగా చేయించాలి, తర్వాత మళ్లీ ఒకటిగా కలిపించాలి. వాచకంలో పొడవైన వాక్యం ఎదురైనప్పుడల్లా కొద్ది నిమిషాలు ఈ పని చేస్తే, పిల్లలు "ఎవరు?" అని తమను తాము అడుగుకోవడం అలవాటవుతుంది.

చివరగా మీరు గడగడా చదువుతారన్న పిల్లల గురించి. సరిగ్గా ఇలాంటి పిల్లలతోనే, అంటే పలకడం వచ్చి అర్థం చేసుకోలేని ఏడో తరగతి పిల్లలతో, 1984లో పాలిన్సర్, బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పద్ధతిని ప్రయత్నించారు. చిన్న గుంపుగా కూర్చుని ఒక పేరా చదివాక దాని సారాన్ని చెప్పడం, దాని మీద ఒక ప్రశ్న వేయడం, అర్థం కాని చోటును నలుగురూ కలిసి విడమరుచుకోవడం, తర్వాత ఏం రాబోతోందో ఊహించడం. మొదట ఉపాధ్యాయురాలు ఈ నాలుగూ చేసి చూపిస్తుంది, ఆపైన పిల్లలు వంతులవారీగా ఉపాధ్యాయులవుతారు. వారి ప్రయోగంలో పిల్లల అవగాహన గణనీయంగా మెరుగుపడింది. నాలుగో తరగతికి నాలుగు పనులూ ఒకేసారి ఎక్కువవుతాయి. ముందు ఊహించడం, ప్రశ్న వేయడం ఈ రెండింటితో మొదలుపెట్టండి. పిల్లలు వేసే ప్రశ్నలు మొదట్లో "ఎవరు, ఎక్కడ" దగ్గరే తిరుగుతాయి. మీరు ప్రతిరోజూ ఒక "ఎందుకు" ప్రశ్న వేసి చూపిస్తూ ఉంటే కొంతకాలానికి వారి నోట కూడా అదే వస్తుంది.


సాగరతీరం

టీచర్ గారూ, నేను పెదజాలారిపేట వైపు ఒక పాఠశాలలో పనిచేస్తున్నాను. మీరు బోర్డు మీద రాసిన పేరా మా పిల్లలకు ఇస్తే, కూడబలుక్కుని చదివేవారితో సహా తరగతి మొత్తం జవాబు చెబుతుంది. వేట లేని రోజుల్లో ఇల్లు ఎలా గడుస్తుందో వారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవలకు వేట నిషేధం ఉంటుంది. ఆ రోజులు వారు ఇంట్లో గడిపినవే. అదే పిల్లలకు వరినాట్ల గురించో, అనకాపల్లి బెల్లం మార్కెట్ గురించో పేరా ఇస్తే మీ పిల్లల్లాగే మౌనంగా నిలబడతారు. "గానుగ", "నారుమడి" అన్న మాటలు పలకగలరు, అవి మనసులో ఏ బొమ్మనూ నిలపవు.

1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు బేస్‌బాల్ ఆట గురించిన కథను పిల్లలకు ఇచ్చి చూశారు. చదువులో వెనుకబడినా ఆ ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లలకంటే కథను మెరుగ్గా గుర్తుంచుకుని చెప్పగలిగారు. అందుకే "ఈ పిల్లవాడికి అవగాహన తక్కువ" అని ఒక్క పేరా చూసి తీర్పు చెప్పడం నాకు బాధ కలిగిస్తుంది. ఏ విషయం మీద తక్కువ అన్న ప్రశ్న ముందుగా వేసుకోవాలి. పాఠం మొదలుపెట్టే ముందు పది నిమిషాలు ఆ విషయం మీద మాట్లాడండి, వస్తువు దొరికితే తెచ్చి చూపించండి, బొమ్మ గీయండి. ఆ పది నిమిషాలు పాఠంలో భాగమే.

మరో సంగతి ఇంటి భాష. మీ పిల్లల్లో శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవారు ఉన్నారని రాశారు. వారు ఇంట్లో "అమ్మ ఎల్లిపోనాది" అంటారు, వాచకంలో "అమ్మ వెళ్లిపోయింది" అని ఉంటుంది. తేడా చిన్నదే గానీ, పాఠమంతా ఇలాంటి తేడాలే ఉన్నప్పుడు పిల్లవాడికి అది తన భాషే అన్న ధైర్యం కలగదు. చదివిన దాన్ని తిరిగి చెప్పమన్నప్పుడు వారి మాటల్లోనే చెప్పనివ్వండి, మధ్యలో ఉచ్చారణ దిద్దకండి. అర్థం చెప్పే వేళ అర్థాన్నే వినాలి, పుస్తక భాషను ఆ తర్వాత నెమ్మదిగా జతచేయవచ్చు. ఒడియా పిల్లలకు కూడా ఇదే వర్తిస్తుంది. తన భాషలో పక్కవాడికి చెప్పి, ఆ పక్కవాడు తెలుగులో చెప్పినా ఆ పిల్లవాడికి కథ అర్థమైనట్టే.

నేను చేయిస్తున్న ఒక పని మీకు ఉపయోగపడవచ్చు. పిల్లలను ఇంటికి వెళ్లి పెద్దవాళ్లను ఒక సంఘటన గురించి అడిగి రమ్మంటాను. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను గురించి విశాఖలో ఏ ఇంట అడిగినా ఒక కథ దొరుకుతుంది. నాలుగో తరగతి పిల్లలు అప్పటికి పుట్టనే లేదు. మరునాడు వారు చెప్పిన మాటలను చెప్పినవి చెప్పినట్టే బోర్డు మీద రాసి, అందరం చదువుతాం. రేకులు ఎగిరిపోయిన ఇల్లు ఎవరిదో, చీకట్లో రాత్రంతా ఎవరు ఎవరిని పట్టుకుని కూర్చున్నారో వారికి ముందే తెలుసు కాబట్టి, అక్షరం అడ్డు తగిలినా అర్థం వారిని ముందుకు నడిపిస్తుంది. "తర్వాత ఏమైంది?", "ఎందుకు అక్కడికి వెళ్లారు?" అన్న ప్రశ్నలు పిల్లల నుంచే వస్తాయి. అలా తయారైన పేజీలను కుట్టి తరగతి పుస్తకంగా ఉంచితే, ఖాళీ దొరికినప్పుడు వాచకాన్ని ముట్టని పిల్లలు కూడా దాన్ని తీస్తారు.

ఇంకా కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. కష్టాన్ని బట్టి నాలుగు స్థాయిలుగా విభజించి ఉంటాయి కాబట్టి మాస్టారు చెప్పిన మెట్లకు సరిపోతాయి.

చదువురాని తల్లిదండ్రులు ఇంట్లో ఏం సాయం చేయగలరని చాలామంది నిరాశపడతారు. చదవడం రాకపోయినా వినడం వస్తుంది. "ఈ రోజు బడిలో చదివిన కథ నాకు చెప్పు" అని రాత్రి అన్నం తినేటప్పుడు తల్లి అడిగితే చాలు. తల్లి ఆ కథ చదవలేదు కాబట్టి పిల్లవాడు అన్నీ వివరించి చెప్పవలసి వస్తుంది. పేరెంట్స్ మీటింగులో మార్కులు చదివి వినిపించే బదులు ఈ ఒక్క మాట చెప్పి పంపండి.


మధురవాడ అమ్మ

నేను ఉపాధ్యాయురాలిని కాను, ఒక తల్లిగా ఒక విషయం చెప్పదలిచాను. మా అబ్బాయి చాలాకాలం వరుసలు తప్పి చదివేవాడు, రెండు వాక్యాలు కలిపేసేవాడు, ఏమీ అర్థం కావడం లేదనేవాడు. శ్రద్ధ లేదని అందరూ అన్నారు. కంటి పరీక్ష చేయిస్తే అద్దాలు అవసరమని తేలింది. కాబట్టి ఏ పద్ధతి మొదలుపెట్టే ముందైనా ఆ పిల్లలకు చూపు, వినికిడి పరీక్షలు జరిగాయో లేదో చూడండి. బోర్డు మీది అక్షరాలు కనిపించని పిల్లలు ఆ మాట తమంతట తాము చెప్పరు, అందరికీ అలాగే కనిపిస్తుందని అనుకుంటారు.

అన్నీ సరిగా ఉండి, ఎంత ఓపికగా నేర్పినా అక్షరాలు తారుమారవుతూ, విన్నప్పుడు మాత్రం చురుగ్గా జవాబులు చెప్పే పిల్లలు ఉంటే నిపుణులకు చూపించమని తల్లిదండ్రులకు మెల్లగా చెప్పండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను (డిస్‌లెక్సియా వంటివాటిని) గుర్తించింది, మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు కూడా ఉన్నాయి. అయితే పరీక్ష జరగక ముందే బడిలో ఎవరూ ఆ పేరు పెట్టి పిలవకూడదని నా మనవి.


గాజువాక టీచరు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మాస్టారు చెప్పినట్టు పేరా చదివి వినిపించి చూసే పరిశీలన కొందరు పిల్లలతో చేశాను. గడగడా చదివే పిల్లల్లో ఎక్కువ మంది నేను చదివి వినిపించినప్పుడు కూడా కథ చెప్పలేకపోయారు. కూడబలుక్కునే పిల్లల్లో చాలామంది మాత్రం విన్నప్పుడు ఆశ్చర్యం కలిగేంత బాగా చెప్పారు. నేను ఎక్కువ బెంగపడుతున్న కూడబలుక్కునే పిల్లలే నిజానికి గడగడా చదివేవారికంటే మెరుగ్గా ఉన్నారు.

రెండు సందేహాలు మిగిలాయి. ద్విభాషా పుస్తకంలో ఏ పేజీ ముందు? మాటల లెక్కల దగ్గర ఏం చేయాలి? ఇంకొకటి కూడా: ఈ పనులన్నీ నోటితో జరిగేవే కదా, ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల్లో రాతలో చూపించడం ఎలా?


భీమిలి అధ్యాపకురాలు

2020-21 నుంచి ఈ ద్విభాషా పుస్తకాలు మన చేతుల్లో ఉన్నాయి. నా అభిప్రాయం స్పష్టం: పిల్లలకు తెలిసిన భాషలోని పేజీతో మొదలుపెట్టండి. తెలుగు పేజీ మీద మాట్లాడుకుని, బొమ్మ గీసి, విషయం స్థిరపడిన తర్వాత ఇంగ్లీషు పేజీకి వెళితే, అక్కడ వారికి కొత్తవి మాటలే అవుతాయి, విషయం కొత్త కాదు. రెండూ ఒకేసారి కొత్తవైతే పలకడం తప్ప మరేమీ జరగదు. ఎదుటెదురు పేజీలు ఉండడం వల్ల ఒక సౌకర్యం కూడా ఉంది. ఇంగ్లీషు వాక్యాన్ని చూపి, దానికి సరిపోయే తెలుగు వాక్యం ఎదుటి పేజీలో ఎక్కడుందో పిల్లల చేతనే వెతికించవచ్చు.

లెక్కల్లో కూడా చిక్కు వాక్యం దగ్గరే ఉంది. "సీత దగ్గర 12 గోళీలు ఉన్నాయి. అవి రవి దగ్గర ఉన్నవాటికంటే 5 ఎక్కువ. రవి దగ్గర ఎన్ని?" అని ఇస్తే, "ఎక్కువ" అన్న మాట చూసి కలిపేసి 17 అంటారు. "ఎక్కువ అంటే కూడిక, మిగిలినవి అంటే తీసివేత" అని మనం నేర్పిన గుర్తులే ఇక్కడ వారిని తప్పుదారి పట్టిస్తాయి. అంకెలు తీసేసి ఇవ్వండి: "సీత దగ్గర కొన్ని గోళీలు ఉన్నాయి. అవి రవి దగ్గర ఉన్నవాటికంటే ఎక్కువ." ఎవరి దగ్గర ఎక్కువ, ఎవరి దగ్గర తక్కువ? ఇద్దరి గోళీలనూ రెండు వరుసలుగా గీయమనండి. బొమ్మ సరిగా వచ్చాక అంకెలు పెడితే, రవి దగ్గర 7 ఉన్నాయని లెక్క చేయకముందే కొందరికి తెలిసిపోతుంది.

మీరు పరిశీలించి కనిపెట్టిన దాన్ని బట్టి గుంపులు మార్చుకోండి. విన్నప్పుడు చెప్పగలిగిన పిల్లలకు మాస్టారు సూచించిన పునఃపఠనం, ఒత్తుల సాధన ఎక్కువ సమయం జరగాలి. గడగడా చదివేవారికి చదవడం తగ్గించి మాట్లాడడం పెంచండి. రోజుకొక పేరా ఎక్కువే. వారానికి రెండు పేరాలు తీసుకుని నిదానంగా, రాయని వాక్యాలు వెతుకుతూ సాగితే మేలు. కథలు వినిపించే వేళ మాత్రం రెండు గుంపులూ కలిసి కూర్చోవాలి.

రాత పరీక్ష విషయానికి వస్తే, ప్రశ్నపత్రం మీరే తయారుచేసుకునే అవకాశం ఉన్న చోట పాఠంలోని మాటలతో ప్రశ్న రాయకండి. "జాలర్లు పడవలను ఏం చేశారు?" అనే బదులు "పడవలను కట్టకపోతే ఏమై ఉండేది?" అని అడగండి. ఆ జవాబుకు ఎక్కించడానికి పేరాలో వాక్యం దొరకదు. మొదటి కొన్ని వారాలు ఈ రకం ప్రశ్నకు పిల్లలు నోటితో జవాబు చెప్పిన తర్వాతే రాయించండి, అక్షర దోషాలకు మార్కులు తగ్గించకండి. నోటి జవాబులకు ఒక పాత నోటు పుస్తకంలో పిల్లవాడికొక పేజీ కేటాయించి, నెలకొకసారి వాడు కథ తిరిగి చెప్పినప్పుడు ముఖ్య సంఘటనలు చెప్పాడా, వరుస తప్పిందా, "ఎందుకు" అన్నది తనంతట చెప్పాడా అని రెండు వాక్యాలు రాసి ఉంచండి. తనిఖీకి వచ్చినవారు అడిగితే ఆ పేజీలు చూపించవచ్చు, ఐదో తరగతి టీచరుకు కూడా అవే అందించవచ్చు.